గుట్ట ఖాళీది కాదని నమోదు చేయడం ఎలా? సీమ కొండల్లోని అరుదైన మొక్కల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్ ఎండలో కదిరి నుంచి ధర్మవరం వైపో, ఓర్వకల్లు నుంచి బేతంచెర్ల వైపో వెళ్తుంటే దారి పక్క గుట్టలన్నీ ఎండిన బోదగడ్డితో, ఆకు రాల్చిన కంపలతో, వేడెక్కిన రాళ్లతో కనిపిస్తాయి. రెవెన్యూ రికార్డులో వాటి పేరు గుట్ట పోరంబోకు, లేదా సాగుకు పనికిరాని భూమి. క్వారీ లీజు అడిగేవారికి, గాలిమర నిలబెట్టే చోటు వెతికేవారికి, ఆఖరికి మొక్కలు నాటే కార్యక్రమానికి జాగా కావలసిన అధికారికి కూడా ఆ ఒక్క మాట చాలు. జూన్‌లో రెండు వానలు పడ్డాక అదే గుట్ట మీద మోకాళ్ల మీద కూర్చుని చూడండి. రాళ్ల సందుల్లో దాగిన గడ్డల నుంచి వేలెడంత మొక్కలు లేచి, పూసి, కొద్ది వారాల్లో మళ్లీ కనిపించకుండా పోతుంటాయి. వాటిలో కొన్ని తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు.

అరుదైన మొక్కను కాపాడడం అనగానే మనవాళ్లకు నర్సరీ, నారు, నాటడం గుర్తుకొస్తాయి. ఈ మార్గదర్శిలో నాటడం చివర వస్తుంది. ముందు ఆ మొక్క ఉన్న చోటు కాగితం మీదికి ఎక్కాలి. నమోదు కాని మొక్క తరఫున ఏ విచారణలోనూ ఎవరూ మాట్లాడలేరు. ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు, పంచాయతీ సభ్యులు, గొర్రెలు కాచే ఇళ్ల పిల్లలు ఎవరైనా ఈ పని చేయవచ్చు.

1. ఒకే ఒక గుట్టను ఎంచుకోండి

జిల్లా అంతా తిరగాలన్న ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది. దానివల్ల ఫోటోలు పోగవుతాయి తప్ప ఏ ఒక్క చోటి గురించీ గట్టిగా మాట్లాడే బలం రాదు. ఇంటి నుంచి నడిచో, సైకిల్ మీదో వెళ్లగలిగే గుట్ట, వంక గట్టు, గుడి వెనక కొండ, ఏదో ఒకటి చాలు. అన్ని కాలాల్లోనూ అక్కడికి వెళ్లగలగాలి.

తర్వాత ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి. గ్రామ రెవెన్యూ అధికారిని అడిగితే సర్వే నంబరు తెలుస్తుంది; మీభూమిలో అడంగల్ చూడవచ్చు. పట్టా భూమి అయితే రైతును అడగాలి. పోరంబోకు అయితే పంచాయతీకి ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. రిజర్వు ఫారెస్టు అయితే డివిజనల్ అటవీ అధికారి అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. శ్రీ లంకమల్లేశ్వర, రోళ్లపాడు వంటి అభయారణ్యాల్లో అధ్యయనానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కడప వైపు పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలిగొండల్లో ఇది మామూలు లాంఛనం అనుకోకండి. ఎర్రచందనం దొంగల కోసం గాలింపు జరిగే అడవిలో సంచీ, కత్తి, ఫోను పట్టుకుని తిరిగే అపరిచితుడు ఎవరికైనా అనుమానితుడే. బీట్ అధికారి వెంట ఉండగానే వెళ్లండి. అసలు కత్తి తీసుకెళ్లకండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాకు, రోళ్లపాడు నంద్యాల జిల్లాకు వెళ్లాయి. పాత కర్నూలు, అనంతపురం చిరునామాలకు రాసిన దరఖాస్తులు బల్లలు మారుతూ ఆలస్యమవుతాయి కనుక ఏ కలెక్టరేట్ కిందికి వస్తుందో ముందే చూసుకోండి.

2. మీ చోట ఏవి ఉండవచ్చో తెలుసుకుని వెళ్లండి

కడప జిల్లా కొండల్లో అందరికీ తెలిసినది ఎర్రచందనం. అరుదైన జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో అది 1995 నుంచి ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదం ఉన్న జాతి. దానికి వచ్చిన పేరు వల్ల అదే కొండల్లోని మిగతావి వెనకబడిపోయాయి. పేరిత సంగతి చూడండి. శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమీ. చూడడానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, గడ్డి నిండిన కొండవాలుల్లో పెరుగుతుంది. ఆడ, మగ మొక్కలు వేరువేరు. మగ మొక్క నడినెత్తిన వచ్చే శంకువును మందుల కోసమని కోసి అమ్ముతారు. కోసినవాడికి మొక్క బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. పుప్పొడి లేక చుట్టుపక్కల ఆడ మొక్కలు గింజ కట్టకపోవడం అతని కంట పడదు. పేరిత సైటిస్ మొదటి అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రత్యేకంగా పేరు పెట్టి కాపాడే అతి కొద్ది మొక్కల్లో ఇది ఒకటి. 2022 సవరణ తర్వాత ఆ జాబితా మూడో షెడ్యూలులో ఉంది. 17ఏ సెక్షన్ ప్రకారం అడవిలో దాన్ని కోయడం, పెకలించడం, అమ్మడం నేరం.

ఇదే కొండల్లో తంబ, మొగి, తెల్ల కరక, కొండ సాంబ్రాణి చెట్లను కూడా చూడాలి. తంబ, కొండ సాంబ్రాణి చెట్లకు బంక కోసం గాట్లు పెడతారు. పాత గాటు మానకముందే కొత్తది పెడితే చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది.

కర్నూలు వైపు నల్లమలలో వృక్ష శాస్త్రజ్ఞుడు జె.ఎల్. ఎల్లిస్ గుర్తించిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా ఉంది. అది నేలవేముకు దగ్గరి చుట్టం. ఎరియొలీనా లుషింగ్టొనై అనే చిన్న చెట్టు కూడా ఈ కొండలదే. ఎర్రమలల వైపు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో నాపరాతి పొరల మీద పలుచటి మట్టిలో పెరిగే చిన్న మొక్కలను చూసినవారు తక్కువ. ఆసక్తి ఉన్నవారికి అక్కడ చేయవలసినది చాలా ఉంది.

అనంతపురం వైపు కదిరి దగ్గరి కొండల్లో హిల్డెగార్డియా పాపులిఫోలియా అనే చెట్టు ఉంది. ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నట్టు లెక్కిస్తుంది. రావి ఆకును పోలిన ఆకు, ఆకు రాలిన కాలంలో పూత, గాలికి ఎగిరిపోయే పలుచటి కాగితంలాంటి కాయ దీని గుర్తులు. గట్ల మీద పొదల నీడన కుందేటి కొమ్ములు, గడ్డలున్న బ్రాకిస్టెల్మా, సెరొపీజియా జాతులు వెతకండి. వీటికి స్థానికంగా పేరు లేదనుకోకండి. గడ్డ తవ్వుకుని తిన్న కాపరికి పేరు తెలిసే ఉంటుంది.

మారెడు గడ్డ గురించి విడిగా చెప్పాలి. మన నన్నారి షర్బత్‌లో వాడే వేర్లలో ఇదొకటి. రాళ్ల మీద పాకే తీగ. వాడేది దాని వేరునే కాబట్టి తవ్వినప్పుడల్లా మొక్క పోయే ప్రమాదం ఉంది. సీసా కొనేవాళ్లం మనమే కనుక, వేర్లు సాగు చేసినవో కొండ నుంచి తెచ్చినవో అమ్మేవాడిని అడగడం కూడా ఈ పనిలో భాగమే.

3. కాలం చూసుకుని వెళ్లండి

గడ్డ మొక్కల కోసం తొలకరి పడిన రెండు మూడు వారాల్లోనే వెళ్లాలి. ఆలస్యమైతే గడ్డి పెరిగి కప్పేస్తుంది. గడ్డిజాతులను ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, వెన్ను వేసినప్పుడు చూస్తేనే గుర్తుపట్టగలరు. కడప వైపు ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంటుంది కనుక నవంబరు, డిసెంబరుల్లో మరోసారి వెళ్లండి. ఎర్రచందనం పసుపు పూత ఏప్రిల్, మే నెలల్లో కనిపిస్తుంది. ఎండాకాలంలో వెళ్లడం దండగ అనుకుంటారు కానీ నిప్పు జాడలు, కొత్త బండిదారులు, నరికిన మోళ్లు స్పష్టంగా కనిపించేది అప్పుడే.

4. కొండ మీద ఏమి రాయాలి

ఒక నోటుపుస్తకం, కొలత టేపు, నలభై మీటర్ల తాడు, ఫోను ఉంటే చాలు. అరుదైన మొక్క అని ఏ కాస్త అనుమానం ఉన్నా రెమ్మ తుంచకండి. ఫోటో చాలు, అయితే పూవు ఒక్కటే తీసిన ఫోటో ఎందుకూ పనికిరాదు. మొత్తం మొక్క, ఆకు పైభాగం, అడుగుభాగం, ఆకు కాండానికి అతుక్కునే చోటు, పూవు ముందు నుంచీ పక్క నుంచీ, కాయ, బెరడు, చివరగా నాలుగు అడుగులు వెనక్కి వేసి చుట్టూ ఉన్న నేల. ప్రతి ఫోటోలో పక్కన పది రూపాయల నాణెం పెడితే పరిమాణం తెలుస్తుంది. పాలు కారితే ఆ మాట రాయండి. వాసన ఉంటే అదీ రాయండి. ఫోటోలో అవి రావు.

కాపరులు, చెంచులు, మూలికలు అమ్మే వృద్ధులు చెప్పిన పేరును వారు పలికినట్టే రాసుకోండి. సరిదిద్దవద్దు. ఒకే మొక్కకు రెండు ఊళ్లలో రెండు పేర్లుంటే రెండూ రాయండి. వారు చెప్పిన వాడకాన్ని వారి అనుమతి లేకుండా బయటపెట్టవద్దు.

తర్వాత లెక్క. దీన్నే చాలామంది వదిలేస్తారు, నిజానికి బలమంతా ఇక్కడే ఉంది. తాడుతో పది మీటర్ల చదరం పరచి లోపల ఆ జాతి మొక్కలను మూడు వరుసల్లో లెక్కపెట్టండి: మోకాలి ఎత్తు దాటని మొలకలు, ఇంకా పూయని పిల్ల మొక్కలు, పూసి కాసే పెద్దవి. గుట్ట మీద వేరువేరు చోట్ల ఇలాంటి చదరాలు వేయండి. ఆ మొక్క లేని చోట కూడా వేసి సున్నా రాయండి. పెద్ద చెట్లు పచ్చగా కళకళలాడుతూ మొలకల గడిలో అన్నీ సున్నాలే ఉంటే ఆ గుట్ట మీద ఆ జాతి ఆయుష్షు ఆ పెద్ద చెట్ల ఆయుష్షే. దూరం నుంచి చూసే కంటికి ఇది ఎన్నటికీ తెలియదు. మొలకలు ఉండి పిల్ల మొక్కలు లేకపోతే మొలిచినవి ఎక్కడో ఆగిపోతున్నాయి: నిప్పు కావచ్చు, మేత కావచ్చు, లాంటానా అనే కలుపు పొద నీడ కావచ్చు. పెద్దవి లేకుండా పిల్లవే ఉంటే ఎవరో నరుకుతూ ఉండవచ్చు. మూడు అంకెలు ఇంత చెబుతాయి.

పేరు తేల్చుకోలేకపోతే కంగారు లేదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగాలకు ఫోటోలు, చోటు వివరాలు తీసుకెళ్లండి. పరిశోధక విద్యార్థులు సాధారణంగా సంతోషంగా చూస్తారు, వాళ్లకూ అది కొత్త చోటే కదా.

5. చోటును దాచండి

పేరిత ఉన్న వాలు, మారెడు తీగ ఉన్న బండ, మంచి ఎర్రచందనం ఉన్న లోయ, వీటి ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఫోను తీసిన ఫోటోలో చోటు వివరం దాగి ఉంటుంది, సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. మొక్కల, జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లో ప్రమాదంలో ఉన్న జాతులకు కచ్చితమైన చోటు మసకబరిచే ఏర్పాటు ఉంది, అయినా మీరే దాన్ని ఎంచుకుని పెట్టండి. బయటికి ఊరి పేరు కూడా వద్దు, మండలం పేరు చాలు. కచ్చితమైన వివరం అటవీశాఖకు, విశ్వవిద్యాలయానికి ఇచ్చే కాగితంలో మాత్రమే ఉండాలి.

6. ముప్పు ఏ దారిన వస్తుందో చదవండి

మేకల్ని తిట్టడం సులువు, నేను ముప్పుల జాబితాలో వాటిని కింద పెడతాను. మేత ఎక్కువైతే నష్టమే. కానీ తరతరాలుగా మేకలు తిరిగిన గుట్ట మీద ఇంకా మొక్క ఉంది, పొక్లెయిన్ తిరిగిన గుట్ట మీద లేదు.

గాలిమరల విషయంలో అందరూ రెక్కల వైపు చూస్తారు. మొక్కలకు దెబ్బ రోడ్డు వల్ల. అంత పొడవైన రెక్కను కొండ ఎక్కించడానికి వెడల్పాటి, వంపు తక్కువ ఉన్న దారి కావాలి. గుట్ట పక్కను కోసి దారి వేస్తారు, ఆ మట్టి వాలు మీద జారి కింది గడ్డిని కప్పేస్తుంది, ప్రతి వానకూ ఇంకొంత కొట్టుకొస్తుంది. కనుక స్తంభాల సంఖ్యను కాకుండా దారి పొడవును, మట్టి జారిన వెడల్పును కొలవండి.

సౌర విద్యుత్తుది మరో రకం. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో సిద్ధమైన వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు దాదాపు ఆరువేల ఎకరాల్లో పరుచుకుంది. కరెంటు వద్దనలేం, నేను కూడా అనను. చదునుగా, చెట్లు లేకుండా ఉన్న నేల అంతా ఖాళీదేనన్న లెక్కతోనే నాకు పేచీ. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన రోళ్లపాడు కూడా అలాంటి చదును గడ్డినేలే. కాలువ నీళ్లు వచ్చి చుట్టూ సాగు మారాక ఆ పక్షి అక్కడ కనబడడం మానేసింది. గడ్డినేలలో చెట్లు నాటడం కూడా ఇలాంటి నష్టమే. కందకాలు తవ్వి కానుగ నాటితే పైకి పచ్చదనం కనిపిస్తుంది, అడుగున గడ్డలు తెగిపోయి ఉంటాయి. ఉపాధి హామీ పనుల జాబితా గ్రామసభ ముందుకు వచ్చినప్పుడే ఫలానా వాలును వదిలేయమని రాతపూర్వకంగా అడగండి.

నాపరాతి గనుల్లో గొయ్యి కంటే పక్కన పోసే వ్యర్థపు రాళ్లే ఎక్కువ నేలను మింగుతాయి. నిప్పు సంగతికొస్తే, కొత్త గడ్డి కోసం పెట్టినదా, దారిన పోయేవాడు పారేసిన బీడీదా అన్న పంచాయితీ కంటే, ఒకే వాలు వరుసగా ఎన్ని ఏళ్లు కాలిందో రాయడం ముఖ్యం. పేరిత వంటివి ఒకసారి కాలితే చిగురిస్తాయి. ఏటా కాలితే మొలకలు మిగలవు.

7. రాసినదాన్ని చెల్లే కాగితంగా మార్చండి

జీవవైవిధ్య చట్టం, 2002లోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, అది ఊరి మొక్కలు, జంతువుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టడంతో దేశమంతటా ఈ రిజిస్టర్లు హడావిడిగా పూర్తయ్యాయి. మీ పంచాయతీది తెరిచి చూస్తే వేప, చింత, కానుగ తప్ప గుట్ట మీది మొక్క ఒక్కటీ లేకపోతే ఆశ్చర్యపోకండి. అడిగితే చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తర్వాత మీ లెక్కలు, ఫోటోలు, విశ్వవిద్యాలయం పేరు తేల్చిన ఉత్తరం జోడించి రిజిస్టర్‌లో చేర్చమని కమిటీకి రాయండి. రసీదు తీసుకోండి. ప్రతులు అటవీ డివిజన్‌కూ రాష్ట్ర జీవవైవిధ్య మండలికీ పంపండి.

గని ప్రతిపాదన వస్తే 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ మీకు ఆయుధం. ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసిన గనులకు ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. ఆ నివేదికలో మొక్కల పట్టిక ఉంటుంది. ముందు దాన్నే తెరవండి. సర్వే ఏ నెలలో చేశారో చూడండి. మార్చిలో చేసిన సర్వేలో తొలకరి మొక్క కనిపించే అవకాశమే లేదు, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం వాళ్లకు కష్టం. మాట్లాడి ఊరుకోకుండా రాసి ఇవ్వండి. సమావేశం చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, మీ అభ్యంతరం అందులో ఉందో లేదో అక్కడే తేల్చుకోండి.

సౌర, గాలిమర ప్రాజెక్టులకు ఈ దారి లేదు. ఆ నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తీసుకోవలసిన వాటి జాబితాలోనే అవి లేవు. అక్కడ భూ కేటాయింపు దశలో పంచాయతీ తీర్మానం, రిజిస్టర్‌లోని నమోదు, అటవీ భూమి అయితే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో కనిపించే భూమార్పిడి దరఖాస్తు మీద అభ్యంతరం, ఇవే మిగిలిన మార్గాలు. అందుకే ముందు నమోదు అంటున్నాను. కలివికోడి విషయంలో జరిగింది ఇదే. 1986లో సిద్ధవటం దగ్గరి పొదల్లో ఆ పక్షి మళ్లీ కనిపించింది, దాని ఉనికి చోట్లు నమోదయ్యాయి, 1988లో లంకమల అభయారణ్యం వచ్చింది. 2005లో కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు ఆ నమోదులే అడ్డు నిలిచాయి. చివరికి కాలువ దారి మారింది. దాంతోపాటే అక్కడి కలివి, రేగు, పరికి పొదలూ మిగిలాయి.

8. చేత్తో చేసే పనులు

లాంటానాను పైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. నేలకు నాలుగు వేళ్ల కింద తల్లివేరును కోసి, దుబ్బును తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయ పండకముందే చేయాలి. వయ్యారిభామను పూతకు రాకముందు చేతి తొడుగులతో పీకండి, ఒంటికి తగిలితే దద్దుర్లు. ఉత్సాహంలో ముళ్లకంప అంతా పీకేయవద్దు. సర్కారు తుమ్మ ఒకటి, పరికి ఇంకొకటి. రెండోది పోతే దాని నీడన మొలిచే కుందేటి కొమ్ములు కూడా పోతాయి.

విత్తన సేకరణ పట్టా భూమిలోనూ, అనుమతి ఉన్న చోటా మాత్రమే. ఒక్కో చెట్టు నుంచి కొద్దిగా, వీలైనన్ని ఎక్కువ చెట్ల నుంచి తీసుకోండి. ఎర్రచందనం కాయలను పేడనీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి వేయడం మన నర్సరీల్లో అలవాటే. మొగి నేరేడు జాతిది, గింజ ఎండితే చచ్చిపోతుంది. తంబ విత్తనం కూడా నిల్వకు ఆగదు, రాలిన వెంటనే వేయాలి. మారెడు గింజకు పట్టుకుచ్చు ఉంటుంది, కాయ పగలకముందు గుడ్డ సంచీ కట్టకపోతే గాలి పట్టుకుపోతుంది. పేరిత జోలికి సొంతంగా వెళ్లవద్దు, అది చట్టం పరిధిలోనిది.

పెంచిన మొక్కను విత్తనం తెచ్చిన గుట్టకే తిరిగి తీసుకెళ్లండి. వేరే జిల్లా నర్సరీలో కొన్నదాన్ని తెచ్చి అక్కడ కలపవద్దు. నాటిన ప్రతి మొక్కకూ తల్లి చెట్టు ఏదో, విత్తనం ఏ నెలలో తీశారో రిజిస్టర్‌లో వేరే పుటలో రాసి, దాని పక్కన గుర్తు రాయి పాతండి. మరుసటి ఏడు చదరాలు పరిచి లెక్కపెట్టేటప్పుడు వాటిని సహజంగా మొలిచిన మొక్కల గడిలో కలపకూడదు.